మిషన్‌ని విప్పుతుంటే వీడియో తీయమన్నారు, ఎంత అడగాలో తెలియలేదు

"ఎడిటింగ్ ఏమీ అక్కర్లేదండీ, కెమెరా పెట్టి తీసి ఇచ్చేస్తే చాలు" అన్నాడు ఒక ఇంజినీరు ఫోన్‌లో. ఈ మాట ఎప్పుడు విన్నా నాకు కొంచెం భయమే. ఎడిటింగ్ అక్కర్లేదనే పని ఎక్కడో ఒకచోట ఎడిటింగ్ కంటే ఎక్కువ తినేస్తుందని ఇన్నేళ్లలో బాగానే తెలిసొచ్చింది. అయినా సరే, ఖాళీగా ఉన్న నెల కాబట్టి "వివరాలు చెప్పండి" అన్నాను.

పని ఏంటంటే, ఒక పాత వెబ్ ఆఫ్‌సెట్ ప్రెస్సు. పత్రికలు అచ్చువేసే రకం, పేపరు రీలు ఒక చివర ఎక్కించి ఇంకో చివర మడతపెట్టిన కాపీలు తీసుకునే పెద్ద మిషన్. దాన్ని అమ్మేశారు. కొన్నవాళ్లు ఇంకోచోట మళ్లీ నిలబెట్టుకుంటారు. విప్పేవాళ్లు వేరు, బిగించేవాళ్లు వేరు. మాన్యువల్ సగం పేజీలు లేవు, ఉన్న సగానికీ మధ్యలో ఎవరెవరో చేసిన మార్పులకీ పొంతన లేదు. అందుకని విప్పే తొమ్మిది రోజులూ మొదటి నట్టు నుంచి చివరి నట్టు దాకా వీడియో కావాలట. ప్రేక్షకులు లేరు, సంగీతం లేదు, టైటిల్స్ లేవు, "అందంగా ఉండాలి" అనే మాటే లేదు. ఫ్రీలాన్స్‌గా ఈ పని మొదలుపెట్టాక ఇంత వింత పని నాకు రాలేదు.

"రేపటికల్లా కొటేషన్ పంపిస్తారా?" అని అడిగాడు. పంపిస్తానన్నాను. అదే మొదటి తప్పు. వింత పనికి రేపటికల్లా రేటు చెప్పడమంటే చీకట్లో లెక్కపెట్టిన డబ్బుతో సమానం, తెల్లారాక ఎంత తక్కువ పడిందో తెలుస్తుంది.

ఆ రాత్రి కూర్చుని మామూలుగా చేసే లెక్కలన్నీ ప్రయత్నించాను. మొదటిది, పూర్తయిన వీడియో నిడివిని బట్టి నిమిషానికి ఇంత. ప్రకటనలకీ కంపెనీ వీడియోలకీ చాలామంది ఇలాగే చెబుతారు, నేనూ చెబుతాను. ఇక్కడ పూర్తయిన నిమిషాలంటే ఏవి? ఎడిటింగ్ లేదన్నారు కాబట్టి సున్నా అనుకోవాలి, లేదా తీసినదంతా ఇస్తాను కాబట్టి వందల గంటలు అనుకోవాలి. సున్నాతో గుణిస్తే నేను ఫ్రీగా చేయాలి, వందల గంటలతో గుణిస్తే వాళ్లు ప్రెస్సు అమ్మిన డబ్బంతా నాకే ఇవ్వాలి. రెండోది రోజువారీ రేటు. తొమ్మిది రోజులు, తొమ్మిది రేట్లు, అయిపోయింది. ఇది చూడ్డానికి బాగుంది. ఎంత బాగుందంటే దాదాపు పంపేశాను కూడా.

ఇక్కడ డబ్బు అంకెలు రాయను. నా రేటు మీకు పనికిరాదు, మీ ఖర్చులు వేరు. నా ఒక రోజు షూటింగ్ రేటుని 1 అనుకుందాం, మనిషి ఒకడు, కెమెరా ఒకటి. మిగతావన్నీ దాని లెక్కలోనే చెబుతాను.

ఆ 1 అనేది ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఏడాదికి 365 రోజులు. శని ఆదివారాలు 104 తీసేయండి. జ్వరాలు, సెలవులు, పని వెతుక్కునే రోజులు, మీటింగులు, బిల్లు డబ్బుల కోసం ఫోన్లు చేసే రోజులు (ఇవి మనం ఒప్పుకునేదాని కంటే ఎక్కువే), కెమెరా రిపేరుకి తిరిగే రోజులు. పోయినేడాది నేను నిజంగా బిల్లు వేసిన రోజులు 110. ఏడాదికి నాకు కావలసిన మొత్తాన్ని, సామాను అరుగుదలతో సహా, 110తో భాగిస్తే వచ్చేదే నా 1. మొదట్లో నేను 300తో భాగించేవాణ్ణి. 300తో భాగించి 110 రోజులే పనిచేస్తే కావలసినదాంట్లో 37 శాతం కూడా చేతికి రాదు. అప్పట్లో ఎప్పుడూ బిజీగా ఉండేవాణ్ణి, ఎప్పుడూ డబ్బులుండేవి కావు, ఎందుకో అర్థమయ్యేది కాదు.

సరే, 9 అని టైపు చేసి, పంపే ముందు ఒక్క ప్రశ్న అడుగుదామనిపించి మర్నాడు పొద్దున్నే ఆ ఇంజినీరుకి ఫోన్ చేశాను. "ఈ వీడియోని ఎవరు చూస్తారండీ, ఎలా చూస్తారు?"

ఆయన కాసేపు ఆలోచించి చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. "మొత్తం ఎవరూ చూడరండి. అక్కడ ఫిట్టరు ఒక బేరింగు చేతిలో పట్టుకుని నిలబడతాడు. దీని కింద షిమ్ములు ఎన్ని ఉన్నాయి, ఏ మందంవి, ఏ వైపు అని అతనికి డౌటు వస్తుంది. ఆ ముక్క ఒక్కటే చూస్తాడు. నలభై సెకన్లు ఉంటుందేమో."

షిమ్ము అంటే బేరింగు కిందో పాదం కిందో ఎత్తు సరిచేయడానికి పెట్టే పల్చటి రేకు. 0.05 మిల్లీమీటర్ల మందంవి కూడా ఉంటాయి. ఒకటి మారితే సిలిండర్ల మధ్య ఒత్తిడి మారుతుంది, అచ్చు ఒకవైపు నల్లగా ఒకవైపు వెలిసినట్టు పడుతుంది. గేర్లదీ అదే కథ. ప్లేటు సిలిండరుకీ (అచ్చు ప్లేటు ఉండేది) బ్లాంకెట్ సిలిండరుకీ (ప్లేటు మీది ఇంకుని కాగితం మీదికి మార్చేది) మధ్య ఏ పన్ను ఏ సందులో కూర్చుందో విప్పే ముందు గుర్తు పెట్టుకోకపోతే, తర్వాత ఒక్క పన్ను పక్కకి పడినా రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. ఇదంతా నాకు అప్పటికి తెలియదు, ఆయనే చెప్పాడు. నేను తర్వాత ప్రశ్న అడిగాను: "ఈ వీడియో లేకపోతే ఏమవుతుంది?" "ఒక్కో యూనిట్‌కి, అంటే అచ్చువేసే ఒక్కో సిలిండర్ల సెట్టుకి, కనీసం వారం లేటవుతుంది. యూనిట్లు ఆరు."

ఫోన్ పెట్టేసి 9 అని రాసిన కొటేషన్ చెరిపేశాను.

ఎందుకంటే ఈ పనిలో నేను అమ్మేది షూటింగ్ కానే కాదు. ఆ ఫిట్టరు బేరింగు పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ నలభై సెకన్లు రెండు నిమిషాల్లో దొరకాలి, నేను అమ్మేది అదీ. దొరకకపోతే నేను ఎంత బాగా తీసినా ఆ హార్డ్ డిస్కులు బరువు తప్ప ఇంకేమీ కావు. అంటే అసలు సరుకు ఏ రోజు, ఏ గంటకి, ఏ కెమెరాలో, ఏ భాగం విప్పారు అని చెప్పే పట్టిక. మేం లాగ్ అంటాం. నా కొటేషన్‌లో దానికి ఒక్క పైసా లేదు.

ఇంకోటి కూడా అప్పుడే వెలిగింది. మామూలు పనుల్లో షాట్ పాడైతే "ఇంకోసారి" అంటాం. ఇక్కడ ఇంకోసారి లేదు. విప్పిన నట్టు విప్పినట్టే.

కొటేషన్ పంపకుండా, ఒక రోజు వచ్చి చూసి, ఒక చిన్న భాగం విప్పుతుంటే తీసి చూస్తాను, ఆ ఒక్క రోజుకి 1 తీసుకుంటాను, పని నాకు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ రోజు ఫుటేజీ, నా రిపోర్టు మీవే అని రాశాను. చూడ్డానికి డబ్బులా అని అంటారేమో అనుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. ఇంజినీర్లు సర్వేకి డబ్బులివ్వడం అలవాటున్నవాళ్లు, మనమే అనవసరంగా మొహమాటపడతాం. తెలిసిన పనికైతే ఉచితంగా వెళ్లి చూసి రావచ్చు, కాదనను. తెలియని పనికి మాత్రం ఆ మొదటి రోజు తెలుసుకున్నదే సగం పని, దాన్ని ఫ్రీగా ఇచ్చేస్తే మన లెక్కలన్నీ చేత్తో పట్టుకుని ఆయన ఇంకొకడి దగ్గరికి వెళ్లొచ్చు.

ఆ రోజు చూసినవి చాలా ఉన్నాయి. వెలుతురు లేదు, మిషన్ లోపల అసలే లేదు. నూనె, ఇంకు, కాగితం దుమ్ము. విప్పేవాళ్లు ఒకేసారి రెండు వైపులా పనిచేస్తారు, గేర్ల వైపు ఇద్దరు, ఆపరేటర్ వైపు ఇద్దరు, కాబట్టి ఒక కెమెరా చాలదు. చేతులు పనిచేసే చోటు స్టాండ్ మీదున్న కెమెరాకి కనపడదు, ఎప్పుడూ ఎవరిదో ఒకరి వీపే అడ్డం. అందుకని రెండు కెమెరాలు నిలకడగా, మూడోది నా చేతిలో, దగ్గరగా. అన్నిటికంటే ముఖ్యమైనది నేను ముందు ఊహించనే లేదు: మాట. పెద్ద ఫిట్టరు పనిచేస్తూ తనలో తాను మాట్లాడుకుంటాడు. "ఇది అర చుట్టు వెనక్కి తిప్పి లాగాలి, లేకపోతే పట్టేస్తుంది" అని ఎవరికో చెబుతున్నట్టు అంటాడు. ఆ మాట కెమెరా మైకులో ఒక్క ముక్క వినపడలేదు, చుట్టూ మోత. ఆయన కాలరుకి చిన్న మైకు తగిలించి మళ్లీ తీసి వింటే, అప్పుడర్థమైంది, బొమ్మ కంటే ఆ మాటల్లోనే ఎక్కువ విషయం ఉంది. "నేను గొణుక్కునేది కూడా పట్టుకుంటావా బాబూ" అని నవ్వాడాయన. పట్టుకుంటానన్నాను. తిట్లు వస్తే తీసేస్తానని మాటిచ్చాను (ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎంత టైము పట్టిందో తర్వాత చెబుతాను).

ఇంటికొచ్చి డేటా లెక్క వేశాను. రోజుకి 8 గంటలు, 3 కెమెరాలు, 9 రోజులు, మొత్తం 216 గంటలు. నా కెమెరాల్లో 4కె మామూలు సెట్టింగ్ సెకనుకి 100 మెగాబిట్లు, అంటే గంటకి 45 జీబీ. 216 గంటలకి 9,720 జీబీ, దగ్గర దగ్గర 10 టీబీ. తిరిగి తీయలేని ఫుటేజీ కాబట్టి మూడు కాపీలు ఉండాలి, అందులో ఒకటి వేరే చోట ఉండాలి. 29 టీబీ. అదే ఎవరైనా క్వాలిటీ అంటూ ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో (తక్కువగా కుదించే, పెద్ద ఫైళ్లు వచ్చే రకం) తీయమని ఉంటే, 4కెలో సెకనుకి 25 ఫ్రేముల దగ్గర అది 737 మెగాబిట్లు, గంటకి 330 జీబీ పైన, ఒక్క కాపీయే 70 టీబీ దాటిపోతుంది. షిమ్ములు లెక్కపెట్టడానికి అంత అక్కర్లేదు. పని దేనికో తెలిస్తే ఇలాంటి చోట ఖర్చు తగ్గించొచ్చు, తగ్గించానని వాళ్లకి చెప్పొచ్చు కూడా.

దీనికంటే ముఖ్యం రాత్రి పని. రోజుకి 1,080 జీబీ కార్డుల నుంచి దింపాలి. మామూలు హార్డ్ డిస్కు సెకనుకి 150 ఎంబీ రాస్తుందనుకుంటే సరిగ్గా రెండు గంటలు. రాసినదాన్ని మళ్లీ చదివి సరిపోల్చాలి, లేకపోతే కాపీ అయిందని అనుకోవడమే తప్ప అయిందో లేదో తెలియదు. ఇంకో రెండు గంటలు. రెండు డిస్కులకి ఒకేసారి రాసినా, ఎనిమిది గంటలు నిలబడి వచ్చాక ఇది నాలుగు గంటల పని. పక్కన కూర్చుని చూస్తూ ఉండక్కర్లేదు నిజమే, కానీ అది పూర్తయ్యేదాకా కార్డులు చెరపలేను, కార్డులు చెరపకపోతే పొద్దున్న షూటింగ్ లేదు. రోజువారీ రేటులో ఇది కనపడదు. చాలామంది దీన్ని రేటులో కలిపేశామని అనుకుంటారు, కలపరు.

ఇంకో చిన్న విషయం, సరదాగా ఉంటుందని చెబుతున్నాను. చాలా పాత ఫొటో కెమెరాలు వీడియోని 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర ఆపేస్తాయి. వేడెక్కడం వల్లనే అనుకుంటారు, కొన్నిటికి అదీ నిజమే, కానీ ఆ అంకె వెనక అసలు కథ పన్ను. యూరప్‌లో 30 నిమిషాలు, ఆ పైన రికార్డు చేయగలిగే కెమెరాని వీడియో కెమెరాగా లెక్కగట్టి దిగుమతి సుంకం ఎక్కువ వేసేవారు, అందుకని కంపెనీలు ఒక్క సెకను ముందు ఆపేసుకున్నాయి. కొత్త కెమెరాల్లో చాలావరకు ఇది పోయింది. నా రెండు పాత కెమెరాల్లో పోలేదు. ఎనిమిది గంటల రోజులో ఒక్కో కెమెరాకి 16 సార్లు మళ్లీ బటన్ నొక్కాలి. నేను మూడో కెమెరా పట్టుకుని మిషన్ లోపల దూరి ఉంటే ఆ బటన్లు ఎవరు నొక్కుతారు? అందుకని ఒక మనిషి కావాలి. ఎక్కడో ఎవరో వేసిన పన్ను చివరికి నా కొటేషన్‌లో అసిస్టెంటు జీతమై తేలింది.

ఇక లాగ్‌కి ఎన్ని రోజులు పడుతుంది? ఇది ఎప్పుడూ చేయలేదు, ఎవర్ని అడగాలో తెలియదు. చేయని పనికి టైము అంచనా వేయడానికి నేను ఒక పాత లెక్క వాడతాను. 1958లో అమెరికా నౌకాదళం పోలారిస్ క్షిపణి ప్రాజెక్టు కోసం తయారైన పర్ట్ పద్ధతిలోది. అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా అయితే ఎన్ని, అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని అని మూడు అంకెలు రాసుకుని, మధ్యదాన్ని నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. టెస్టు రోజు ఫుటేజీని లాగ్ చేసి చూసుకున్నాను కాబట్టి కొంచెం ఆధారం ఉంది. నావి 5, 7, 14. లెక్క వేస్తే 7.8 వచ్చింది, 8 అనుకున్నాను. ఈ లెక్క గొప్పదనం ఏమీ లేదు, కానీ "అన్నీ అడ్డం తిరిగితే?" అనే ప్రశ్నకి అంకె రాయమని బలవంతం చేస్తుంది. నాలాంటి ఆశావాదికి అదే చాలు.

అన్నీ కలిపితే ఇలా తేలింది. షూటింగ్ 9. అసిస్టెంటు రోజుకి సగం చొప్పున 4.5. అదనపు కెమెరాలు, మైకులు, లైట్లు నావే అయినా అద్దెకి తెచ్చినట్టే లెక్క, రోజుకి 0.3 చొప్పున 2.7. సొంత సామానుకి అద్దె వేయనివాడు దాన్ని మళ్లీ కొనుక్కోలేడు. రాత్రి కాపీలకి రోజుకి పావు చొప్పున 2.25. లాగ్ 8 రోజులు, కూర్చుని చేసే పని కాబట్టి రోజుకి 0.7 చొప్పున 5.6. మొత్తం 24.05. దీనిమీద 15 శాతం, తెలియని వాటికి. దాదాపు 27.7. హార్డ్ డిస్కులు వాళ్లే కొనిస్తారు. తొమ్మిది అని పంపబోయినవాణ్ణి, నా కళ్ళకే 27.7 చూస్తే దొంగలా అనిపించాను. ఎన్నిసార్లు కూడినా అంతే వచ్చింది.

ఆ 15 శాతాన్ని విడిగా చూపించాలా, లోపల కలిపేయాలా అన్నదాంట్లో నాకూ నా స్నేహితుడికీ ఎప్పుడూ గొడవే. వాడు కలిపేస్తాడు, చూపిస్తే మొదట దాన్నే కోస్తారంటాడు. నేను చూపిస్తాను. ఈ ఆయన ఇంజినీరు, తన అంచనాల్లో తనూ అలాంటి లైను రాసుకునేవాడే, అర్థం చేసుకుంటాడనిపించింది. పెళ్ళి వీడియోకైతే నేనూ కలిపేస్తాను.

ఇక్కడ ఒక ఆశ కూడా పుట్టిందని ఒప్పుకోవాలి. ఆరు యూనిట్లు, ఆరు వారాలు ఆదా. ఆరు వారాల పాటు అంత ప్రెస్సు పనిలేకుండా పడుంటే ఎంత నష్టమో లెక్క వేసి, దాంట్లో ఇంత భాగం అని అడగొచ్చుగా? విలువని బట్టి రేటు చెప్పాలని చాలామంది చెబుతారు. నాకు పూర్తిగా నమ్మకం లేదు. వాళ్లకి మిగిలే విలువ మనం దాటకూడని పైకప్పు, మన ఖర్చు దిగకూడని నేల. మధ్యలో ఎక్కడ నిలబడాలనేది మన ధైర్యాన్ని బట్టి, అవతల ఇంకెవరు కొటేషన్ ఇచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. నాకు ఆ విలువ ఒక్కదానికి పనికొచ్చింది, 27.7 అని చెప్పేటప్పుడు గొంతు వణక్కుండా.

ఊహించినట్టే జవాబు వచ్చింది. "ఇంకొకరు 12 అన్నారండి." (ఆయన చెప్పింది డబ్బుల్లోనే, నా లెక్కలో 12.) తగ్గిస్తారా అని.

ఇలాంటప్పుడు నేను పెట్టుకున్న రూలు ఒక్కటే. రేటు తగ్గించను, పని తగ్గిస్తాను. అదే పనికి తక్కువ తీసుకుంటే మొదట చెప్పింది అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు. అందుకని లైన్లన్నీ ఆయన ముందు పెట్టి, ఏది తీసేద్దామో మీరే చెప్పండి అన్నాను. లాగ్ తీసేస్తే నేను 21 దగ్గర చేస్తాను, కానీ అప్పుడు మీ ఫిట్టరు 216 గంటల్లో వెతుక్కోవాలి. మూడో కెమెరా తీసేస్తే చేతులు కనపడవు. ఆ 12 అన్నాయన వీటిలో ఏవి కలిపాడో అడిగి చూడండి అని మాత్రం అన్నాను, ఆయన గురించి ఇంకేమీ అనలేదు. నిజానికి ఆయన తప్పేం లేదు, మొన్నటి దాకా నేను 9 దగ్గరున్నాను.

రెండు రోజుల తర్వాత ఇంజినీరే మంచి ఉపాయం చెప్పాడు. "అసిస్టెంటుగా మా కుర్రాణ్ణి ఇస్తే?" అప్రెంటిసు ఫిట్టరు ఒకతను. కెమెరా బటన్లు నొక్కడం ఒక గంటలో నేర్చుకుంటాడు. 4.5 పోయింది, 19.55 మిగిలింది, 15 శాతంతో 22.5. అక్కడ ఒప్పుకున్నారు. డబ్బు తగ్గించడానికి చేసిన ఈ మార్పే మొత్తం పనిలో మేం తీసుకున్న మంచి నిర్ణయమని తర్వాత తేలింది. ఆ కుర్రాడికి ప్రతి భాగం పేరు తెలుసు. నేను తెచ్చుకునే అసిస్టెంటు అయితే "పెద్ద గుండ్రటిది" అని రాసేవాడు.

ఒప్పందంలో రాసుకున్నవి కొన్ని. సగం ముందు, పావు ఐదో రోజున, పావు డిస్కులు ఇచ్చినప్పుడు. వాళ్ల వైపు నుంచి పని ఆగితే, క్రేన్ రాకపోయినా కరెంటు లేకపోయినా, ఆ రోజుకి సగం రేటు, ఎందుకంటే ఆ రోజు నేను ఇంకెవరికీ అమ్ముకోలేను. చివరి వారంలో రద్దు చేస్తే సగం. తీసినదంతా వాళ్లదే, నేను ఎక్కడా చూపించుకోకూడదు. మామూలుగా అయితే ఒప్పుకోను, పాత పని చూపించే కొత్త పని తెచ్చుకోవాలి కదా, కానీ ఆరు యూనిట్ల గేర్లు చూసి నాకు పని ఇచ్చేవాడు ఎవడున్నాడు. అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఒక వాక్యం మీద: నా వల్ల ఏదైనా ఫుటేజీ పోతే నేను తిరిగివ్వాల్సింది గరిష్ఠంగా నా ఫీజు వరకే, ప్రెస్సు లేటైన నష్టం నాది కాదు. ఆ వాక్యం లేకపోతే 22.5 కోసం ఆరు వారాల నష్టాన్ని నెత్తికెత్తుకున్నట్టే. వాళ్ల లీగల్ ఆయన మొదట ఒప్పుకోలేదు. అలా అయితే మూడు కాపీలు కాదు, ఇన్సూరెన్సు కావాలి, దాని ప్రీమియం కొటేషన్‌లో కలుపుతానన్నాను. ఒప్పుకున్నారు.

పని ఎలా జరిగిందంటే, చెప్పుకోదగ్గ ఘోరాలేం జరగలేదు. నాలుగో రోజు క్రేన్ రాలేదు, ఐదో రోజూ రాలేదు. రెండు సగాలు, 1 అదనంగా వచ్చింది, ఎవరూ నోరెత్తలేదు, రాసుకున్నాం కాబట్టి. ఒక కెమెరా ఒక మధ్యాహ్నం వేడెక్కి ఆగిపోయింది, కుర్రాడు చూసి పరిగెత్తుకొచ్చాడు, పనివాళ్లని పది నిమిషాలు ఆపాను. పనిని ఆపమనే హక్కు నాకుందని కూడా ముందే రాసుకున్నాం. అది రాసుకోకపోతే అంతమంది ముందు "ఆగండి" అనడానికి నాకు నోరు వచ్చేది కాదు.

దెబ్బ పడింది లాగ్ దగ్గరే. 8 అనుకున్నది 11 రోజులు పట్టింది. మూడు కెమెరాల గడియారాలు రోజు గడిచేకొద్దీ కొంచెం కొంచెం తేడా వస్తూ పోయాయి, ప్రతి పొద్దున్నా సరిచేసినా సాయంత్రానికి మళ్లీ తేడా, అది నేను ముందే చూసుకోవాల్సింది. పెద్ద ఫిట్టరు గారి తిట్లు ఏరడానికే దాదాపు ఒక రోజు. ఆయన పట్టేసిన బోల్టులతో మాట్లాడే భాష వేరే, అందులో ఒకే వాక్యంలో తిట్టూ, సలహా కలిసి ఉంటాయి, తిట్టు కోస్తే సలహా పోతుంది. కొన్ని వదిలేశాను, ఆయనకి చెప్పే వదిలేశాను. మూడు రోజులు ఎక్కువంటే 2.1. నా 15 శాతం 2.9. మిగిలిన 0.8ని రాత్రి కాపీలు తినేశాయి, నాలుగు గంటలన్నది చాలాసార్లు ఐదున్నర అయింది. అంటే తెలియని వాటికని పెట్టుకున్నది తెలియని వాటికే సరిగ్గా సరిపోయింది. లాభం అనుకున్నది లాభంగానే ఉంది, రేటులోనే. 12కి ఒప్పుకుని ఉంటే పదకొండు రోజుల లాగ్ చేసేవాణ్ణి కాదు, చేయలేకపోయేవాణ్ణి, ఏదో ఒకటి రాసి ఇచ్చేసేవాణ్ణి.

డిస్కులు ఇచ్చేశాను, చివరి పావు వచ్చింది, మర్చిపోయాను. మూడు నెలల తర్వాత ఒక రాత్రి తెలియని నంబరు నుంచి ఫోన్. వెనకాల మోత. "సార్, మీరు రాసిన పట్టిక నా ముందుంది. మూడో యూనిట్, గేరు వైపు, ఆరో రోజు అని ఉంది. రెండు టైములున్నాయి, ఏది ముందు తెరవాలి?" నా కాపీ ఇంకా ఇంట్లోనే ఉంది, ఎంతకాలం దాచాలో ఒప్పందంలో రాయడం మర్చిపోయాను కాబట్టి చెరపడానికి భయపడి ఉంచాను. తెరిచి చూశాను. రెండోది చూడమన్నాను, మొదటిదాంట్లో కుర్రాడి తల అడ్డం ఉంది. ఫోన్ పెట్టకుండా అలాగే ఉన్నాడు. కాసేపటికి అటునుంచి పెద్ద ఫిట్టరు గొంతు, నేను కాలరుకి తగిలించిన మైకులో పడ్డ గొంతు, ఏదో బోల్టుని తిడుతూ వినపడింది. "ఆఁ, దొరికింది సార్, మూడు రేకులు" అని పెట్టేశాడు.

ఆ వారంలో అలాంటివి ఇంకో నాలుగు ఫోన్లు వచ్చాయి, అన్నీ రాత్రి తొమ్మిది దాటాకే. వేటికీ డబ్బులు అడగలేదు, అడగడానికి రాసుకున్నదేమీ లేదు. ఇప్పుడు నా కొటేషన్ ఫైల్లో లాగ్ లైను కింద కొత్త లైన్లు రెండున్నాయి: కాపీ ఆరు నెలలు దాచడం, డెలివరీ తర్వాత పది ఫోన్లు. రెండూ కలిపి 0.5 వేశాను. తక్కువే అనుకుంటా.